‘బైసికిల్ తీవ్స్’ చూసి కళ్ళు తుడుచుకున్నాక మిగిలిన అనుమానం

వెనక బెంచీ:

గత నెల రోజులుగా ఇటాలియన్ నియోరియలిస్టు (నవ్య వాస్తవికవాద) సినిమాలను ఒక వరుసలో చూస్తూ వస్తున్నాను. ‘రోమ్, ఓపెన్ సిటీ’ (1945)తో మొదలుపెట్టి ‘షూషైన్’ (1946), ‘బైసికిల్ తీవ్స్’ (1948) మీదుగా ‘ఉంబెర్తో డి.’ (1952) వరకు వచ్చాను. వీటి గురించి ఎక్కడ చదివినా ఇంచుమించు మూడు మాటలే కనిపిస్తున్నాయి. స్టూడియోలను వదిలి వీధుల్లోకి వచ్చారని ఒకటి, వృత్తి నటులను పక్కనపెట్టి మామూలు మనుషులను కెమెరా ముందుకు తెచ్చారని రెండోది, కథ అల్లడం మానేసి పేదల బతుకును ఉన్నదున్నట్టు చూపించారని మూడోది. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. మూడోది మాత్రం ఎంత ప్రయత్నించినా మింగుడుపడటం లేదు.

‘బైసికిల్ తీవ్స్’ సంగతే చూడండి. చాలాకాలంగా పని లేని ఆంతోనియోకు పోస్టర్లు అంటించే ఉద్యోగం దొరుకుతుంది, కానీ సైకిల్ ఉంటేనే ఆ ఉద్యోగం. ఆ సైకిలేమో తాకట్టులో ఉంది. భార్య మరియా పక్కల మీది దుప్పట్లు తీసి, మూటగట్టి, వాటిని కుదువపెట్టి సైకిల్‌ను విడిపించే ఏర్పాటు చేస్తుంది. పనిలోకి వెళ్ళిన మొదటి రోజునే దాన్ని ఎవరో ఎత్తుకుపోతారు. ఆదివారమంతా కొడుకు బ్రూనోను వెంటబెట్టుకుని రోమ్ నగరమంతా వెతికి, చివరకు దిక్కు తోచక తానే మరొకరి సైకిల్ దొంగిలించబోయి, కొడుకు చూస్తుండగా జనం చేతికి చిక్కుతాడు. దొంగ కోసం బయలుదేరినవాడు దొంగగా తేలడం, పేరులోని బహువచనానికి అర్థం చివరి నిమిషాల్లో గాని బయటపడకపోవడం, ఇదంతా ఎంత గట్టిగా బిగించిన అల్లిక! దీన్ని కథ లేని సినిమా అని ఎలా అనగలం?

నేను ఒక చిన్న పరీక్ష కూడా చేశాను. చివరి సన్నివేశాన్ని మొదట మామూలుగా చూసి, తరువాత ధ్వని పూర్తిగా ఆపేసి చూశాను. మొదటిసారి నాకు కన్నీళ్ళు ఆగలేదు. రెండోసారి మనసు కలవరపడింది గానీ ఏడుపు రాలేదు. అంటే నన్ను ఏడిపించినది ఆంతోనియో పేదరికమా, అలెస్సాండ్రో చికొన్యీని కూర్చిన సంగీతమా?

రెండో అనుమానం నా గురించే. సినిమా అయిపోయాక కళ్ళు తుడుచుకుని నా పనుల్లో నేను పడ్డాను. ఏడ్చినందుకు నేను కాస్త మంచివాడినన్న తృప్తి కూడా లోలోపల కలిగింది, ఒప్పుకుంటున్నాను. పేదవాడి కష్టాన్ని చూసి కంటతడి పెట్టించడమే పని అయితే మామూలు కన్నీటి సినిమాకూ దీనికీ తేడా ఎక్కడుంది? వాస్తవికత అన్న పేరు జాలిని కాస్త మర్యాదగా అమ్ముకోవడానికి దొరికిన ముసుగేనా? ఈ సినిమాలను నాకంటే ఎక్కువగా, నాకంటే ఓపికగా చూసినవారు చెప్పగలరని అడుగుతున్నాను.

రీలు పెట్టె:

మీ అనుమానం సరైనదే గానీ, దాన్ని గురిపెట్టిన చోటు సరైనది కాదని నాకనిపిస్తోంది. మీరు ఒప్పుకున్న మొదటి రెండు మాటలు కూడా పూర్తిగా నిలబడవు. ‘రోమ్, ఓపెన్ సిటీ’లో ప్రధాన పాత్రలు వేసిన అన్నా మన్యానీ, ఆల్డో ఫాబ్రీజీ ఇద్దరూ అప్పటికే పేరున్న నటులు. వీధుల్లోకి రావడం వెనక సిద్ధాంతం ఎంత ఉందో అవసరమూ అంతే ఉంది. ముస్సోలినీ 1937లో ప్రారంభించిన చినెచిత్తా స్టూడియో యుద్ధం ముగిసేనాటికి నిరాశ్రయులకు శిబిరంగా మారిపోయింది. ఇక ఆ కాలపు ఇటాలియన్ సినిమాల్లో సంభాషణలను చాలావరకు తరువాత స్టూడియోలో కలిపేవారు కాబట్టి, మనం వీధి నుంచి వినవస్తున్నదనుకునే మాట కూడా అక్కడ పట్టినది కాదు. ‘బైసికిల్ తీవ్స్’ తెరకథకు అరడజను మందికి తక్కువ కాకుండా పనిచేశారు. కాకతాళీయంగా జరిగినట్టు కనిపించేదంతా బల్ల ముందు కూర్చుని, ఒకరి మాటను ఒకరు కొట్టేస్తూ రాసుకున్నదే. ఈ సినిమాను ఆకాశానికెత్తిన ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాన్‌కు కూడా ఇది తెలియక కాదు. అల్లిక లేదని కాదు, అల్లిక సంఘటనల వెనక కనపడకుండా పోయిందన్నదే ఆయన మెచ్చుకోలు.

అయితే ఇందులో కొత్తదనం ఏమిటి? నా దృష్టిలో అది లెక్క. ఈ మాటను అలంకారంగా వాడటం లేదు. పేదరికాన్ని ఒక మనోభావంగా కాకుండా, కూడికలూ తీసివేతలుగా చూపించడం అంతకుముందు సినిమాల్లో చాలా అరుదు. మీరు చెప్పిన తాకట్టు సన్నివేశాన్నే మళ్ళీ చూడండి. మరియా దుప్పట్లు ఇచ్చి, ఇంకాస్త ఇమ్మని అడిగి, డబ్బు తీసుకుంటుంది. కన్నీటి సినిమా అయితే అక్కడితో వదిలేసి ఆమె ముఖం మీదికి వెళ్ళేది. దర్శకుడు విత్తోరియో డి సికా మాత్రం ఆ మూటను మోసుకుపోయే గుమాస్తా వెంట మన చూపును పంపుతాడు. అతను నిలువెత్తు అరలు ఎక్కుతాడు, ఇంకా ఎక్కుతాడు, పైకప్పు దాకా ఎక్కుతాడు, ఆ అరల నిండా అలాంటి మూటలే ఉంటాయి. ఒక ఇంటి దుప్పట్ల గురించి మొదలైన సన్నివేశం ఒక నగరంలో ఎన్ని పక్కలు బోసిపోయాయో చూపించి ముగుస్తుంది. ఎవరూ ఒక్క మాట అనరు.

హోటల్ సన్నివేశంలోనూ అంతే. కొడుకును చెంపదెబ్బ కొట్టిన అపరాధ భావంతో ఆంతోనియో వాడిని భోజనానికి తీసుకువెళతాడు. పక్క బల్ల దగ్గర ఒక కలిగినవారి పిల్లవాడు సాగే జున్నుతో వడ్డించిన వంటకం తింటూ బ్రూనో వైపు వెనక్కి తిరిగి చూస్తుంటాడు. ఆ ఇద్దరు పిల్లల చూపులతో సన్నివేశం ఆగిపోతే అది మామూలు పోలికే అయ్యేది. కానీ ఆంతోనియో ఆ ఉద్యోగం నిలిచి ఉంటే నెలకు ఎంత వచ్చేదో కొడుకుతో కలిసి లెక్కవేయడం మొదలుపెడతాడు. మూల జీతం, ఓవర్‌టైము, కుటుంబ భత్యం. అక్కడ పిల్లవాడి ముఖంలో ఆకలి కంటే ముందు గ్రహింపు కనిపిస్తుంది. మరో సంగతి గమనించారో లేదో, తాకట్టు నుంచి తెచ్చిన సైకిల్‌ను తుడుస్తూ పెడల్ మీద సొట్ట పడిందని కనిపెట్టి, వాళ్ళతో ఎందుకు చెప్పలేదని తండ్రిని నిలదీసేది కూడా బ్రూనోయే. ఆ వయసుకే పెట్రోలు బంకులో పనిచేస్తున్న పిల్లవాడు వాడు. వస్తువు విలువ వాడికి తండ్రి కంటే బాగా తెలుసు.

తెరకథ రచయిత చెజారె జవత్తీని ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. ఒక స్త్రీ ఒక జత బూట్లు కొనుక్కోవడం అనే చిన్న విషయం నుంచి ఒక పూర్తి సినిమా తీయవచ్చని ఆయన వాదన. ఆ డబ్బు ఆమెకు ఎక్కడిది, అంత సొమ్ము కోసం ఎంత పని చేయాల్సి వచ్చింది, అదే డబ్బుతో ఇంకేం చేయగలిగేది, ఎదుటి దుకాణదారు బతుకు ఎలాంటిది అని తవ్వుకుంటూ పోతే ఒక సమాజమంతా బయటపడుతుందంటాడు.

దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ ‘ఉంబెర్తో డి.’లోని వంటింటి సన్నివేశం. పనిపిల్ల మరియా తెల్లవారుజామున నిద్రలేచి వంటింట్లోకి వస్తుంది. గోడ మీద అగ్గిపుల్ల గీస్తుంది, అది వెలగదు, మళ్ళీ గీస్తుంది. చీమలను తరుముతుంది. తన కడుపు వైపు చూసుకుంటుంది. ఆమె గర్భవతి, తండ్రి ఇద్దరు సైనికులలో ఎవరో ఆమెకే తెలియదు. కాఫీ గింజలు విసురుతూ, కూర్చున్న చోటు నుంచి లేవకుండా కాలు చాచి బొటనవేలితో తలుపు మూయడానికి ప్రయత్నిస్తుంది. ఈ మధ్యలో ఎక్కడో కన్నీళ్ళు వస్తాయి, చేస్తున్న పని మాత్రం ఆగదు. ఏడవడానికి వేరే సమయం కేటాయించుకోలేని మనిషి ఎలా ఏడుస్తుందో ఇంతకంటే నిజంగా చూపించిన సన్నివేశం నేను చూడలేదు. మీ ధ్వని పరీక్ష దీని మీద కూడా చేసి చూడండి.

మూడో వరుస:

రీలు పెట్టె గారు లెక్క గురించి చెప్పినది బాగుంది, కానీ ఆ లెక్క సగమే. డి సికా సినిమాల్లో అప్పు ఉన్నవాడి ఖాతా మాత్రమే మనకు కనిపిస్తుంది, అప్పు ఇచ్చినవాడి ఖాతా కనిపించదు. ఆంతోనియో సైకిల్ పోవడం ఎంత కాదన్నా ఒక దురదృష్టమే. ఆ రోజు ఆ దొంగ ఆ వీధిలో లేకపోతే ఈ కుటుంబం గట్టెక్కేదన్న భావన ప్రేక్షకుడిలో మిగిలిపోతుంది. జాలి సరిగ్గా ఆ సందులోంచే లోపలికి వస్తుంది. అందుకే వెనక బెంచీ గారి రెండో ప్రశ్న నాకు మొదటిదానికంటే పెద్దదిగా తోస్తోంది.

సగం లెక్క చాలని వారు అదే సంవత్సరం, 1948లో, లుకీనో విస్కోంతి తీసిన ‘లా తెర్రా త్రేమా’ చూడాలి. సిసిలీలోని అచి త్రెజ్జా అనే జాలరి పల్లెలో, ఆ ఊరివాళ్ళతోనే తీసిన సినిమా ఇది. మూలం జొవాన్ని వెర్గా నవల. తీసినవాడు మిలాన్‌కు చెందిన ప్రభువుల వంశస్థుడు, మొదట్లో డబ్బు సమకూర్చినది ఇటాలియన్ కమ్యూనిస్టు పార్టీ. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది. ఎంతోని అనే యువకుడికి ఒక విషయం అర్థమవుతుంది: ప్రాణాలొడ్డి చేపలు పట్టేది తామైతే, ధర నిర్ణయించేది ఒడ్డున నిలబడిన టోకు వ్యాపారులు. ఒక రోజు కుర్రవాళ్ళు కడుపు మండి ఆ వ్యాపారుల తక్కెడలను సముద్రంలోకి విసిరేస్తారు, జైలుకు వెళతారు. తరువాత ఆ కుటుంబం ఇల్లు తాకట్టు పెట్టి సొంతంగా వ్యాపారం మొదలుపెడుతుంది. తుఫానులో పడవ దెబ్బతింటుంది. అప్పటికే ఉప్పు పట్టి దాచుకున్న చేపలు ఇంట్లో ఉన్నాయి, సరుకు మంచిదే. కానీ వీళ్ళకు డబ్బు అత్యవసరమని వ్యాపారులకు తెలుసు కాబట్టి అడ్డగోలు ధరకు అడుగుతారు, అమ్మక తప్పదు. వస్తువు విలువ వస్తువులో లేదు, అమ్మేవాడి గత్యంతరం లేనితనంలో ఉంది అన్న అర్థశాస్త్ర పాఠాన్ని ఆ ఒక్క బేరంలో విస్కోంతి చెప్పేశాడు. ఇక్కడ తుఫాను దురదృష్టమే గానీ, తుఫాను తరువాత జరిగినది దురదృష్టం కాదు.

వాస్తవికత గురించి ఇంకొక మాట. ఆ జాలర్లు సినిమాలో తమ సొంత సిసిలియన్ యాసలో మాట్లాడారు. అది ఇటలీలోని మిగతా ప్రాంతాల వారికి అర్థం కాదని, ఇటాలియన్‌లో ఒక వ్యాఖ్యానం జోడించవలసి వచ్చింది. సొంత దేశంలోనే పేదవాడి మాటకు దుబాసీ కావలసి వచ్చిందన్నమాట. అంతేగాక ఇందులో ప్రతి షాటూ చిత్రపటంలా తీర్చినట్టుంటుంది, నల్ల శాలువాలు కప్పుకుని రాళ్ళ మీద నిలబడి సముద్రం వైపు చూసే ఆడవాళ్ళ దృశ్యమైతే ఒపేరా వేదికలాగే ఉంటుంది. ఉన్నదున్నట్టు అన్న మాటకు ఇది మీ ‘బైసికిల్ తీవ్స్’ కంటే ఇంకా దూరం. అయినా కారణాల విషయంలో దానికంటే నిక్కచ్చిగా ఉంది.

డి సికా పక్షాన ఒక్క విషయం మాత్రం చెప్పాలి. ఆయన వ్యవస్థను చూపించలేదని అనడం పూర్తి న్యాయం కాదు. ఆంతోనియో పోలీసు స్టేషన్‌కు వెళతాడు, కార్మిక సంఘం మిత్రుల దగ్గరకు వెళతాడు, పేదలకు భోజనం పెట్టే చర్చిలోకి జొరబడతాడు, తాను ముందు ఈసడించుకున్న సోది చెప్పే ఆవిడ దగ్గరకే చివరికి వెళ్ళి చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఎవరి దగ్గరా అతని సమస్యకు గడి లేదు. విషయమేమిటని ఒక విలేకరి అడిగితే, ఏమీ లేదు, ఒక సైకిల్ అంతే అంటాడు పోలీసు అధికారి. ఆ ఏమీ లేదు అన్న మాట కోసమే ఆ సినిమా తీశారేమో అనిపిస్తుంది నాకు.

ఇక జాలి ఎవరికీ హాని చేయని సరుకే అయితే ప్రభుత్వం ఎందుకు ఉలిక్కిపడినట్టు? ‘ఉంబెర్తో డి.’ మొదలయ్యేదే పింఛను పెంచమని వీధిలోకి వచ్చిన ముసలివాళ్ళను, అనుమతి లేదన్న కారణంతో పోలీసులు చెదరగొట్టడంతో. ఆ సినిమా వచ్చిన 1952లో, అప్పటికి ప్రభుత్వంలో సినిమా వ్యవహారాలు చూస్తున్న జూలియో ఆంద్రెయొత్తి డి సికాకు బహిరంగ లేఖ రాశాడు. ఇరవయ్యో శతాబ్దం నడిమధ్యన ఇటలీ అంటే ఇదేనని ప్రపంచం నమ్మితే మీరు మీ దేశానికి చెరుపు చేసినవారవుతారన్నది దాని సారాంశం. అంతకుముందే 1949లో ఆయన చొరవతో వచ్చిన చట్టం, ప్రభుత్వ సాయం కావాలంటే తెరకథను ముందుగా చూపించవలసిన పరిస్థితి తెచ్చింది. కన్నీళ్ళు తుడుచుకుని ఇంటికి పోయే ప్రేక్షకుల కోసం ఇంత కట్టడి అవసరం లేదు కదా.

వెనక బెంచీ:

ఇద్దరికీ ధన్యవాదాలు. పోలీసు అధికారి మాటను నేను అసలు పట్టించుకోలేదు, ఇప్పుడు అది చెవిలో తిరుగుతోంది.

అయితే మామూలు మనుషులను నటింపజేయడం గురించి చదువుతుంటే ఒక సంగతి తెలిసి మనసు చేదయింది. ఆంతోనియోగా నటించిన లాంబెర్తో మాజ్జొరాని నిజంగానే కర్మాగార కార్మికుడు. సినిమా పూర్తయ్యాక తిరిగి తన పనికి వెళ్ళాడు, కొంతకాలానికి ఆ పని పోయింది. ఆ తరువాత సినిమాల్లో చిన్నాచితకా వేషాలు దొరికాయి గానీ అవి బతుకు నిలబెట్టలేదు. హాలీవుడ్ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ కేరీ గ్రాంట్‌ను పెట్టి తీస్తే డబ్బిస్తానంటే డి సికా కాదన్నాడని గొప్పగా చెప్పుకుంటాం. తెర మీద నిజం కోసం అది గొప్పే. కానీ కేరీ గ్రాంట్ అయితే మర్నాడు మరో సినిమాకు వెళ్ళేవాడు. నిరుద్యోగి పాత్ర వేసిన మనిషి నిరుద్యోగి కావడాన్ని ఏ ఖాతాలో రాయాలి?

‘ఉంబెర్తో డి.’ విషయంలో ఇలాంటి బాధ లేదు లెండి. అద్దె కట్టలేని ఆ పింఛనుదారుగా వేసిన కార్లో బత్తిస్తి భాషాశాస్త్రం బోధించే ఆచార్యుడని తెలిసింది. పేదవాడి ముఖం పేదవాడికే ఉండనక్కరలేదన్నమాట.

అట్టపెట్టె:

కాస్త ఆలస్యంగా వచ్చాను. చర్చ ఇటలీలోనే ఉండిపోయింది గనుక, ఆ సినిమాల ప్రభావం మన వైపు వచ్చాక ఏమైందో చెబితే మీ రెండు ప్రశ్నలకూ మరో వైపు నుంచి జవాబు దొరకవచ్చు.

సత్యజిత్ రాయ్ 1950లో ఉద్యోగం పని మీద లండన్‌లో ఉన్నప్పుడు ‘బైసికిల్ తీవ్స్’ చూశాడు. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ ఇటాలియన్ సినిమాలు ప్రదర్శించారు. మరుసటి ఏడాది బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ వచ్చింది. రీలు పెట్టె గారి లెక్కకూ మూడో వరుస గారి రెండో ఖాతాకూ ఈ సినిమాలో చోటుంది. శంభు అనే రైతు తన అప్పు 65 రూపాయలని నమ్ముతాడు. జమీందారు గుమాస్తా పద్దుల్లో అది 235 రూపాయలు. శంభు చదువురానివాడు, వేలిముద్ర వేసినవాడు, కోర్టు పద్దునే నమ్ముతుంది. రెండెకరాలు కూడా లేని ఆ చెక్కను దక్కించుకోవడానికి మూడు నెలల గడువు దొరికితే, కలకత్తా పోయి చేతిరిక్షా లాగుతాడు. ఎక్కువ డబ్బిస్తాను, ఇంకా వేగంగా లాగమని ఎక్కినవాడు పురికొల్పుతుంటే, ముందు పోతున్న మరో బండిని అందుకోవాలని పరుగెత్తి, చక్రం ఊడి పడిపోయే సన్నివేశం ఒకటుంది. వేగానికి రేటు పెరుగుతున్నకొద్దీ మనిషి గుర్రంగా మారిపోవడం అందులో కనిపిస్తుంది. పాటలున్నాయి, మంచి నటుడైన బల్రాజ్ సాహ్నీ ఉన్నాడు. ఇటాలియన్ కొలతబద్ద పెడితే ఇది నియోరియలిజం కాదని కొందరంటారు. ఆ కొలతబద్దే నిలబడదని ఇక్కడ ముందే తేలింది కాబట్టి ఆ గొడవలోకి పోను.

‘పథేర్ పాంచాలి’ (1955)లో కూడా ఒక దొంగతనం ఉంది, దాన్ని ‘బైసికిల్ తీవ్స్’ దొంగతనం పక్కన పెట్టి చూడమని అందరికీ చెబుతుంటాను. పక్కింటివాళ్ళ పూసల దండ దుర్గ దొంగిలించిందన్న నింద పడుతుంది, ఆమె కాదంటుంది. ఆమె చనిపోయాక, ఊరు విడిచి వెళ్ళే ముందు సామాన్లు సర్దుతుంటే ఆ దండ తమ్ముడు అపు చేతికి దొరుకుతుంది. వాడు ఎవరికీ చెప్పడు. తీసుకెళ్ళి చెరువులో విసిరేస్తాడు. నీటి మీది నాచు కాస్త విడిపోయి మళ్ళీ నెమ్మదిగా మూసుకుంటుంది. అక్కడ ఆంతోనియో అవమానం నడివీధిలో, జనం మధ్య జరుగుతుంది. ఇక్కడ అక్క పరువును తమ్ముడు నాచు కింద దాచేస్తాడు. రెండింటిలోనూ సాక్షి పిల్లవాడే, రెండింటిలోనూ మాటలు లేవు.

ఆంద్రెయొత్తి లేఖ లాంటిదే రాయ్‌కూ తగిలింది. 1980లో రాజ్యసభ సభ్యురాలిగా ఉన్న నర్గీస్, రాయ్ మన పేదరికాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తున్నాడని విమర్శించారు. దేశం మారినా ఫిర్యాదు మారలేదు. ఆ ఫిర్యాదును పూర్తిగా కొట్టిపారేయడం కూడా నాకు ఇష్టం లేదు. విదేశీ బహుమతుల కోసం ఒక రకం పేదవాడు, అంటే కష్టజీవి, నిజాయితీపరుడు, నోరులేనివాడు, పిల్లల్ని ప్రాణంగా చూసుకునేవాడు, అలవాటుగా తయారయ్యాడన్నది నిజం. ఇక్కడే నాకు నియోరియలిజం మీద అసలు అభ్యంతరం. జాలి పొందడానికి పేదవాడు ముందు మంచివాడై ఉండాలా?

దీనికి ఎదురు జవాబు మన తెలుగులోనే ఉండటం విశేషం. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ ఆధారంగా మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’ అది. అందులోని వెంకయ్య పని చేయడు. చేయలేక కాదు, చేయనని తీర్మానించుకుని. అతనిదీ లెక్కే: పనిచేసినా ఆకలే, చేయకపోయినా ఆకలే, చేస్తే మాత్రం దొర కడుపు నిండుతుంది, కాబట్టి చేయకపోవడమే లాభం. ఈ తర్కంలో తప్పు ఎక్కడుందో చెప్పడం ఎంత కష్టమో సినిమా చూస్తేగాని తెలియదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నీలమ్మ కష్టపడి ఇంటిని నిలబెట్టాలని చూస్తుంది, చివరికి ప్రసవ వేదనతో చనిపోతుంది, ఆమెను కాపాడటానికి ఆ తండ్రీకొడుకులు చేసిందేమీ లేదు. ఇప్పుడు ఎవరి మీద జాలిపడతారు? వెంకయ్యను అసహ్యించుకుంటే అతని లెక్క వెంటాడుతుంది, అతని లెక్కను ఒప్పుకుంటే నీలమ్మ శవం అడ్డం పడుతుంది. ఏడ్చి మంచివాడినయ్యానని అనుకునే వీలు ఈ సినిమా ఎవరికీ ఇవ్వదు. వెనక బెంచీ గారి రెండో అనుమానానికి ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు.

రీలు పెట్టె:

అట్టపెట్టె గారి మాటతో ఒక మెట్టు దిగుతున్నాను. మంచి పేదవాడి సమస్యను నేను దాటేశాను. అయితే డి సికాకు అది పూర్తిగా వర్తించదని మాత్రం అంటాను. ఆంతోనియో కొడుకును కొడతాడు, చర్చిలో ఒక ముసలివాణ్ణి బెదిరిస్తాడు, దొంగ ఇంటిని పోలీసు చేత సోదా చేయిస్తాడు. తీరా చూస్తే ఆ ఇల్లు తన ఇంటికంటే అధ్వాన్నం. ఉంబెర్తో కూడా ఏమంత ఆత్మీయంగా ఉండే మనిషి కాదు. కుక్క మీద చూపే శ్రద్ధలో సగమైనా ఆ గర్భిణి పిల్ల కష్టం మీద చూపించడు.

ఈ దారిని తరువాతి కాలంలో బాగా ముందుకు తీసుకెళ్ళినవాళ్ళు బెల్జియం దర్శకులు దార్దెన్ సోదరులు. వారి ‘రోజెత్తా’ (1999)లో ఉద్యోగం కోసం అల్లాడే అమ్మాయి, తనకు సాయపడిన ఏకైక స్నేహితుడి చిన్న మోసాన్ని యజమానికి చెప్పి, వాడి ఉద్యోగాన్ని తాను దక్కించుకుంటుంది. సైకిల్ దొంగ కథే ఇది, సైకిల్ బదులు ఉద్యోగం. వారిదే ‘టూ డేస్, వన్ నైట్’ (2014)లో ఒక కార్మికురాలు తన ఉద్యోగం నిలవాలంటే తోటి పనివాళ్ళు తలా 1000 యూరోల బోనస్ వదులుకోవాలి. వారాంతమంతా ఒక్కొక్కరి తలుపు తట్టి అడుగుతుంది. కాదన్నవాళ్ళలో దుర్మార్గులు దాదాపు లేరు. ఒక్కొక్కరికీ ఆ డబ్బుతో ఒక్కో అవసరం ఉంది. బూట్ల కొనుగోలు నుంచి సమాజమంతా బయటపడుతుందన్న జవత్తీని మాట అక్కడ అక్షరాలా నిజమైంది. సంగీతం సంగతి అడిగారు గనుక చెబుతున్నాను, నేపథ్య సంగీతాన్ని ఈ సోదరులు ఇంచుమించు దగ్గరకు రానివ్వరు.

వెనక బెంచీ:

మీరందరూ చెప్పినవి చూడటానికి వారాలు పడుతుంది. ముందుగా రీలు పెట్టె గారు చెప్పిన పరీక్షను ‘ఉంబెర్తో డి.’ మీద చేశాను. వంటింటి సన్నివేశం ధ్వని లేకపోయినా చెక్కుచెదరలేదు, ఒప్పుకుంటున్నాను.

కానీ నన్ను పట్టుకున్నది అది కాదు, ముసలాయన అడుక్కోవడానికి సాధన చేసే సన్నివేశం. చేయి కొద్దిగా చాచి చూసుకుంటాడు. ఎవరో ఆగి డబ్బు వేయబోతుంటే, ఆఖరి క్షణంలో అరచేతిని బోర్లా తిప్పేస్తాడు, వాన పడుతోందేమో చూస్తున్నట్టు. ఆ తరువాత టోపీని కుక్క నోటికిచ్చి, తాను స్తంభం చాటున నిలబడతాడు. అంతలో తెలిసినవాడు ఎదురైతే అదంతా కుక్క చేష్ట అన్నట్టు నటిస్తాడు. నటుడు కానివాడు, నటించడం చేతకాని మనిషి పాత్రలో, నటిస్తున్నాడు. దీన్ని వాస్తవం అనాలో అల్లిక అనాలో తెలియక మూడుసార్లు చూశాను. మూడోసారి ఆ చెయ్యి తిరిగే వేగం మాత్రమే చూశాను.

చికొన్యీని సంగీతం విషయంలో మాత్రం నా పట్టు వదలను. ఆ చివరి సన్నివేశంలో తండ్రి చేతిని కొడుకు పట్టుకున్నప్పుడు వయొలిన్ల అవసరం లేదు. మూడో వరుస గారూ, ఈ రాత్రికి ‘లా తెర్రా త్రేమా’ పెడుతున్నాను. ఆ బేరం సన్నివేశం వచ్చాక మళ్ళీ రాస్తాను.